ఓడే జట్టుతో కాపురం: పిట్స్‌బర్గ్‌కి కొత్తగా వచ్చిన పిల్లలకి

నేను పిట్స్‌బర్గ్‌లో దిగింది 1993 ఏప్రిల్‌లో. పెళ్ళయి రెండు నెలలు. చేతిలో రెండు సూట్‌కేసులు, ఒక ప్రెషర్ కుక్కరు, మా అమ్మ కట్టిచ్చిన ఆవకాయ. అంతకు ముందు మూడేళ్ళూ వరసబెట్టి డివిజన్ గెలిచిన ఈ ఊరి బేస్‌బాల్ జట్టు పైరేట్స్ సరిగ్గా ఆ సీజన్ నుంచే ఓడటం మొదలుపెట్టింది. 2012 దాకా 20 సీజన్లు, ఒక్కదాంట్లో కూడా గెలిచిన ఆటలు ఓడిన ఆటల్ని దాటలేదు. అమెరికాలో ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్, హాకీ పెద్ద లీగులన్నీ కలిపి చూసినా వరసగా ఇన్నేళ్ళు ఓడిన జట్టు ఇంకోటి లేదు. "కోడలు కాలు పెట్టిన వేళ" అని మా అత్తగారు పాపం ఒక్కసారీ అనలేదు. ఆవిడ కొడుకే అన్నాడు. 20 ఏళ్ళూ అన్నాడు.

మొన్న పెన్ హిల్స్ వెంకటేశ్వరస్వామి గుళ్ళో, కాంటీన్‌లో కూర్చుంటే కొత్త నల్ల టోపీ పెట్టుకున్న కుర్రాడొకడు వచ్చి పక్కన కూర్చున్నాడు. ఆగస్టులో చదువుకి వచ్చాడట, ఊరు నరసరావుపేట. టోపీ మీద పసుపురంగు 'పి' అక్షరం. "ఆంటీ, ఈ టీము ఎప్పుడు గెలుస్తుంది?" అన్నాడు. నేనింకా ముట్టని పులిహోర గిన్నె వాడి ముందుకి జరిపాను. వేరే ఏం చెప్తాం? కానీ ఇంటికొచ్చాక పాపం అనిపించింది. ఆ టోపీ కొనేముందు ఎవరైనా వాడికి నాలుగు మాటలు చెప్పుండాల్సింది. ఇప్పుడు చెప్తున్నాను. కొన్నవాళ్ళూ, కొనబోయేవాళ్ళూ వినండి.

ముందు లెక్క నేర్చుకోండి

బేస్‌బాల్ సీజనంటే 162 ఆటలు. మార్చి ఆఖరు నుంచి సెప్టెంబరు ఆఖరు దాకా, ఇంచుమించు వారానికి ఆరు రోజులు. ఐపీఎల్ లీగ్ దశలో ఒక్కో జట్టుకి 14 మ్యాచ్‌లే కాబట్టి ఒకటి పోతే ఆ రాత్రి అన్నం సయించకపోవడంలో అర్థముంది. ఇక్కడ ఆ అలవాటు పెట్టుకుంటే మే నెలాఖరుకి చిక్కి శల్యమవుతారు. గొప్ప జట్టు కూడా ఏడాదికి ఓ 60 ఆటలు ఓడుతుంది. చచ్చు జట్టయినా మామూలుగా ఓ 60 గెలుస్తుంది. కథంతా మిగిలిన 40 చిల్లరలోనే ఉంటుంది. మనవాళ్ళు 2021లో 61 గెలిచి 101 ఓడారు, 2022లో 62 గెలిచి 100 ఓడారు. అంత ఘోరమైన ఏడాది కూడా మీరు స్టేడియానికి వెళ్తే గెలిచే ఆట చూసే అవకాశం ఐదింట్లో రెండుసార్లు ఉందన్నమాట. మన జిల్లా కోర్టు వ్యవహారాలతో పోలిస్తే ఇది నయమే.

కాబట్టి రోజూ స్కోరు చూడకండి. రోజూ చచ్చేవాడికి ఏడ్చేదెవరు? మా ఇంట్లో పద్ధతి ఇదీ: ఫ్రిజ్ తలుపు మీద ఒక తెల్లకాయితం, దాని మీద పెద్దగా 82 అని రాసి ఉంటుంది. 162లో సగం 81, ఇంకొకటి కలిస్తే గెలిచిన ఏడాది. సోమవారం పొద్దున కాఫీ తాగుతూ మా ఆయన అప్పటిదాకా గెలిచినవెన్నో కింద రాస్తాడు. అంతే. వారం మధ్యలో ఆ ప్రసక్తి వస్తే కాఫీ ఉండదు.

1997లో ఆ కాయితం 79 దగ్గర ఆగింది. 2012లోనూ 79 దగ్గరే. ఆ 2012 సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. ఆగస్టు 8కి 63 గెలిచి 47 ఓడాం. మా ఆయన ఆ 63 పక్కన చిన్న వినాయకుడి బొమ్మ వేశాడు. మిగిలిన 52 ఆటల్లో 16 గెలిచాం. ఆ కాయితం ఇప్పటికీ ఉంది. పారేద్దామంటే మీద దేవుడి బొమ్మాయె.

ఎవర్ని తిట్టాలో తెలుసుకోండి

కొత్తవాళ్ళు చేసే మొదటి తప్పు ఆటగాణ్ణి తిట్టడం. రెండో తప్పు మేనేజర్ని తిట్టడం. బేస్‌బాల్‌లో మేనేజరంటే మన క్రికెట్ కోచ్ లాంటివాడు: ఎవర్ని దింపాలి, పిచ్చర్ని (మన బౌలర్ లాంటివాణ్ణి) ఎప్పుడు మార్చాలి, అంతవరకే ఆయన చేతిలో ఉంటుంది. 2025లో 12 గెలిచి 26 ఓడాక మే 8న డెరెక్ షెల్టన్‌ని తీసేసి, ఈ ఊరి చుట్టుపక్కల పెరిగిన డాన్ కెల్లీని పెట్టారు. కెల్లీ కింద 59 గెలిచి 65 ఓడారు. కాస్త మెరుగే. కానీ ఉప్పూ పప్పూ తెచ్చివ్వకుండా వంటమనిషిని మార్చినట్టుంటుంది ఈ వ్యవహారం.

మేనేజర్ పైన జనరల్ మేనేజర్. ఎవర్ని కొనాలి, ఎవర్ని వదలాలి అన్నది ఆయన పని. ఆయన పైన ఓనరు. ఖర్చు ఎంతన్నది ఆయన మాట. మన ఓనరు బాబ్ నటింగ్, 2007 నుంచి జట్టు పగ్గాలు ఆయన చేతిలోనే ఉన్నాయి. తిట్టదలిస్తే సరైన చిరునామాకి తిట్టాలి. అందుకు డబ్బు ఎలా తిరుగుతుందో కొంచెం తెలియాలి. ఇది ఓపిగ్గా చదవండి, మిగతాది సరదాగా ఉంటుంది.

ఈ లీగులో ఒక జట్టు జీతాలకి ఇంత మించి పెట్టకూడదన్న గట్టి హద్దు లేదు, ఇంతకు తగ్గకూడదన్న హద్దూ లేదు. లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్ జీతాల బిల్లు 2025లో మనదానికి మూడు రెట్ల పైమాటే. అయితే పెద్ద ఊళ్ళ జట్లు ముందుకి పోతాయని, ప్రతి జట్టూ తన స్థానిక ఆదాయంలో 48 శాతం ఒక హుండీలో వేస్తే దాన్ని 30 జట్లూ సమానంగా పంచుకుంటాయి. చిన్న ఊళ్ళకి ఇందులో వేసిన దానికంటే వచ్చేది ఎక్కువ. ఆ వచ్చింది జట్టు మీద పెడుతున్నారా అన్నదే మన ఊళ్ళో 30 ఏళ్ళ పంచాయితీ. 2010లో కొన్ని లెక్కల కాయితాలు బయటపడ్డాయి. 94 ఆటలు ఓడిన 2007లో, 95 ఓడిన 2008లో కలిపి జట్టుకి దాదాపు 2.94 కోట్ల డాలర్ల లాభం వచ్చిందని తేలింది. డబ్బు మళ్ళీ జట్టు మీదే పెడుతున్నామని మేనేజ్‌మెంట్ చెప్పుకుంది. మా ఆయన ఆ రోజు పేపరు మడిచి పూజగదిలో పెట్టాడు, ఎందుకో నాకిప్పటికీ తెలీదు.

ఇంకో సంగతి. కుర్రాడు పెద్ద లీగులోకి వచ్చాక ఆరేళ్ళ సర్వీసు నిండేదాకా జట్టు చేతిలోనే ఉంటాడు. మొదటి మూడేళ్ళు దాదాపు కనీస జీతమే, 2025లో అది 7 లక్షల 60 వేల డాలర్లు. ఆ తర్వాత మధ్యవర్తి దగ్గర బేరం. ఆరేళ్ళు నిండితే ఎక్కడికైనా పోవచ్చు. ఏడాది సర్వీసంటే 172 రోజులు. అందుకని లీగులో కొన్ని జట్లు చేసే పనేంటంటే, సిద్ధంగా ఉన్న కుర్రాణ్ణి కూడా సీజన్ మొదట్లో కొన్ని వారాలు కింది లీగులో కూర్చోబెడతాయి. ఆ ఏడాది లెక్కలోకి రాదు, అతను ఇంకో ఏడాది చవగ్గా ఆడతాడు. మన పాల్ స్కీన్స్‌ని 2024 మే 11న పైకి తెచ్చారు. అతను ఆ ఏడాది ఉత్తమ కొత్త ఆటగాడి అవార్డు కొట్టాడు. అలా కొట్టినవాడికి ఏడాది సర్వీసు నిండుగా ఇవ్వాలని లీగూ ఆటగాళ్ళ సంఘమూ 2022 ఒప్పందంలో రాసుకున్నారు. పిల్లాడు మేనేజ్‌మెంట్ లెక్కని తన చేత్తోనే దిద్దుకున్నాడు. అది విన్న రోజు నేను పాయసం చేశాను.

ఆ స్కీన్స్ 2025లో నేషనల్ లీగ్‌లో (30 జట్లలో మనముండే సగం) అందరికంటే గొప్ప పిచ్చర్ అని సై యంగ్ అవార్డు తెచ్చుకున్నాడు, ఒక్క ఓటు కూడా పక్కకి పోలేదు. తొమ్మిది ఇన్నింగ్స్‌కి సగటున రెండు పరుగులు కూడా ఇవ్వలేదు, 1.97. అతని ఖాతాలో గెలుపులు 10, ఓటములు 10. అతనలా ఆపుతుంటే మనవాళ్ళు పరుగులు చేయలేకపోయారు. జట్టు గురించి ఎవరైనా ఒక్క ముక్కలో చెప్పమంటే ఆ 10-10 చూపించండి.

ఓడటం నాకు బాధ కాదు. తెనాలి నుంచి వచ్చినదాన్ని, ఓడిపోయిన ఎన్నికల ఏజెంటు కూతుర్ని, ఓటమి ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఓడినా మన దుకాణం నడుస్తుందిలే అని పైనున్నవాళ్ళు నిమ్మకు నీరెత్తినట్టు కూర్చోవడం ఉందే, అదే కడుపు మండిస్తుంది.

చొక్కా కొనేముందు ఆగండి

ఆటగాడి పేరున్న జెర్సీ కొనకండి. మా ఇంట్లో ఒక ట్రంకుపెట్టె ఉంది, మా అమ్మ పట్టుచీరల కోసం ఇచ్చింది. చీరలు బీరువాలోకి పోయి, పెట్టెలో కలరా ఉండల మధ్య జెర్సీలు చేరాయి. పైనుంచి చెప్తా. జేసన్ బే: 2004లో ఉత్తమ కొత్త ఆటగాడు, 2008లో బోస్టన్‌కి ఇచ్చేశారు. నేట్ మెక్‌లౌత్: 2009 మొదట్లో కొత్త ఒప్పందం రాసుకున్నారు కదా ఇక ఉంటాడని మావాడికి కొన్నాం, జూన్‌లో అట్లాంటా పంపేశారు. ఆండ్రూ మెకచెన్: జట్టుని మళ్ళీ నిలబెట్టినవాడు, 2013లో నేషనల్ లీగ్‌లో అత్యంత విలువైన ఆటగాడు. 2018 జనవరిలో సంక్రాంతి నాడు శాన్ ఫ్రాన్సిస్కోకి ఇచ్చేశారు. దానికి రెండు రోజుల ముందు, భోగికి ఇంకో రోజుందనగా, గెరిట్ కోల్‌ని హ్యూస్టన్‌కి. ఆ ఏడాది మా ఇంట్లో భోగిమంట ఉత్తినే వేయలేదు, జెర్సీలు మాత్రం వేయనివ్వలేదు నేను.

ఇచ్చినందుకు వచ్చేదేంటంటే 'ప్రాస్పెక్ట్‌'లు. ముందుముందు గొప్పవాళ్ళవుతారట, 19, 20 ఏళ్ళ పిల్లలు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. కొందరవుతారు. ఎక్కువమంది కారు. ఒకసారి దీన్ని తిరగేసి కూడా చేశారు: 2018 జులై 31న క్రిస్ ఆర్చర్ అనే పిచ్చర్ కోసం మన దగ్గరున్న టైలర్ గ్లాస్నో, ఆస్టిన్ మెడోస్‌లని టంపా బేకి ఇచ్చి, పైన షేన్ బాజ్ అనే కుర్రాణ్ణి కొసరు వేశారు. ఆర్చర్ ఇక్కడ రెండు సీజన్లు కూడా నిండుగా ఆడలేదు. గ్లాస్నో తర్వాత డాడ్జర్స్‌తో ఛాంపియన్ అయ్యాడు. నారు మనం పోస్తాం, కోత వాళ్ళు కోస్తారు.

కాబట్టి జెర్సీ కొనాలనిపిస్తే 21 కొనండి. రొబెర్టో క్లెమెంటే నెంబరు. సరిగ్గా 3,000 హిట్లు, అంటే అవుటవకుండా బతికిన దెబ్బలు, కొట్టి, 1972 డిసెంబర్ 31న నికరాగువా భూకంప బాధితులకి సామాన్లు తీసుకెళ్తూ విమానం కూలి పోయాడు మహానుభావుడు. ఆయన్ని ఇక ఎవరూ ట్రేడ్ చేయలేరు. స్టేడియంలో కుడివైపు గోడ ఎత్తు కూడా 21 అడుగులు, ఆయన కోసమే.

మెకచెన్ 2023లో తిరిగొచ్చాడు. ట్రంకుపెట్టె తీశాం. కలరా ఉండల వాసన మూడు ఉతుకులకి పోయింది.

ఆటకి వెళ్ళడం, పులిహోర తీసుకెళ్ళడం

మన స్టేడియం పీఎన్‌సీ పార్క్‌ని 2001లో తెరిచారు, ఆ ఏడాదే 100 ఆటలు ఓడారు. కానీ స్టేడియం చూస్తే కళ్ళు చెదురుతాయి. అలెఘనీ నది ఒడ్డున, అవతల ఊరి భవనాలు, మధ్యలో పసుపురంగు క్లెమెంటే వంతెన. ఆట ఉన్న రోజు ఆ వంతెన మీద కార్లు ఆపేస్తారు, నడిచి వెళ్ళాలి. డౌన్‌టౌన్‌లో 'టీ' రైలెక్కితే నది కిందనుంచి నార్త్ సైడ్ స్టేషన్ దాకా టికెట్టే లేదు. కారు తీసుకెళ్ళి స్టేడియం పక్క పార్కింగ్‌కి 30, 40 డాలర్లు పోయకండి.

మంగళ, బుధవారాలు, ఏప్రిల్ చలిలో, టికెట్లు చవగ్గా దొరుకుతాయి. మూడో బేస్ (బంతి కొట్టాక చుట్టి రావాల్సిన మెత్తల్లో మూడోది) వైపు పై అంతస్తులో కూర్చోండి, ఊరంతా కనిపిస్తుంది. ఆట విసుగ్గా ఉంటే సూర్యుడు భవనాల అద్దాల మీద పడి ఎర్రబడటం చూడొచ్చు. మధ్యలో పిరోగీల పరుగు పందెం ఉంటుంది. మన కజ్జికాయల్లాంటి పోలిష్ వంటకం వేషాలేసుకుని మనుషులు పరిగెత్తుతారు. ఊళ్ళో అన్నిటికంటే హోరాహోరీగా జరిగే పోటీ అదేనని మావాడు చిన్నప్పుడు నమ్మేవాడు.

ఇక్కడ బయటి తిండి లోపలికి రానిస్తారు. సంచీ కొలతలు, నీళ్ళ సీసా నియమాలు మారుతుంటాయి కాబట్టి బయల్దేరేముందు చూసుకోండి. గాజు సీసాలు, గట్టి కూలర్లు మాత్రం వద్దు. పులిహోర కంటే మంచిది లేదు: చల్లారినా బావుంటుంది, పది ఇన్నింగ్స్ అయినా పాడవదు. నిమ్మకాయది వద్దు, చింతపండుదే. నూనె మామూలు కంటే ఒక గరిటె తగ్గించండి. ఇది ఎందుకు చెప్తున్నానంటే, ఒకసారి నా డబ్బా మూత ఊడి, ముందు వరసలో కూర్చున్న పెద్దాయన తెల్ల చొక్కా వీపు మీద పసుపు నూనె గీత జారింది. నేను సిగ్గుతో చచ్చిపోతున్నాను. ఆయన వెనక్కి తిరిగి, వీపు వాసన చూసుకోలేక, డబ్బా వాసన చూశాడు. ఒక చెంచా పెట్టాను. వేరుశనగ గుళ్ళు ఏరుకుని తిన్నాడు. "నలుపూ పసుపే కదా మన రంగులు, మరక పడ్డా పర్లేదు" అన్నాడు. నిజమే, ఈ ఊళ్ళో మూడు జట్ల రంగులూ అవే. ఆ చివరి మూడు ఇన్నింగ్స్‌లో ఆయన నాకు నేర్పినంత బేస్‌బాల్ మా ఆయన పదేళ్ళలో నేర్పలేదు.

పులిహోరకి ఇంకో లాభం ఉంది, నిరసనల దగ్గర చెప్తాను.

నిరసన తెలపాలనుకుంటే

కొన్ని పద్ధతులు ఈ ఊళ్ళో ఇప్పటికే వాడి చూశారు. 2007 జూన్ 30న మూడో ఇన్నింగ్స్ అవగానే అందరూ సీట్లలోంచి లేచి వెళ్ళిపోవాలని పిలుపిచ్చారు. మేమూ లేచాం. మావాడికి అప్పుడు 11 ఏళ్ళు. మెట్ల దాకా వచ్చి, "ఇప్పుడు మనవాళ్ళు కొడితే?" అని ఏడుపు ముఖం పెట్టాడు. వెనక్కి తిరిగి చూస్తే లేచినవాళ్ళ కన్నా కూర్చున్నవాళ్ళే ఎక్కువ. వాడికి ఐస్‌క్రీం కొనిపెట్టి ఐదో ఇన్నింగ్స్‌కల్లా మళ్ళీ మా సీట్లలో ఉన్నాం. ఉద్యమాల్లోకి పిల్లల్ని తీసుకెళ్ళకూడదని అప్పుడు తెలిసింది.

2018లో కోల్, మెకచెన్‌లు వెళ్ళిపోయాక జట్టు అమ్మేయమని వేలమంది సంతకాలు పెట్టారు. 2025 ఏప్రిల్ 4న, ఊళ్ళో మొదటి ఆట రోజు, "జట్టు అమ్మెయ్" అని స్టేడియంలో అరిచారు, పైన విమానం వెనక అదే మాట బ్యానరు కట్టి తిప్పారు. అరవండి, గుండెల్లో భారం దిగుతుంది. ఓనరు మాత్రం అమ్మలేదు.

మనకి అడిగే హక్కు లేదని ఎవరైనా అంటే ఈ లెక్క చెప్పండి. 1997లో స్టేడియాల కోసం అమ్మకం పన్ను అర శాతం పెంచుతామని ఓటింగ్ పెడితే జనం వద్దన్నారు. అప్పుడు రెండో దారి వెతికి, అప్పటికే ఉన్న కౌంటీ పన్నులోంచి తీశారు. ఇవాళ మీరు మన ఊళ్ళో కుక్కరు కొంటే పడే ఏడు శాతంలో ఆరు రాష్ట్రానికి, ఒకటి కౌంటీకి. ఆ ఒక్క శాతంలోంచే స్టేడియానికీ డబ్బు వెళ్ళింది. మీ కుక్కరు విజిల్లో కూడా ఓ పిసరు బేస్‌బాల్ ఉంది.

నా పద్ధతి వేరే. సీజన్ టికెట్లు కొనను. ఎవరైనా వెళ్ళలేక అమ్ముకునే టికెట్టు కొంటాను. లోపల పార్కింగూ లేదు, హాట్‌డాగూ లేదు, బీరూ లేదు. పులిహోర డబ్బా మోకాళ్ళ మీద పెట్టుకుని, ఆటగాళ్ళకి గొంతు పోయేలా కేకలు, మేనేజ్‌మెంట్‌కి సున్నా డాలర్లు. మా ఆయన దీన్ని ఉప్పు సత్యాగ్రహం అంటాడు.

నవ్వుకోడానికి ఒక పుస్తకం పెట్టండి

ఎక్కువగా ఓడే జట్టుకి ఒక సౌకర్యం ఉంది. మామూలు జట్లకి జరగనివన్నీ దానికే జరుగుతాయి. నా దగ్గర పాత డైరీ ఉంది, వింతలు రాస్తాను. 2001 జూన్ 26: అంపైర్ తీర్పు నచ్చక మన మేనేజర్ లాయిడ్ మెక్లెండన్ మొదటి బేస్ పీకి చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు. 2010 ఏప్రిల్ 22: సొంత ఊళ్ళో 20-0తో ఓటమి. 2011 జులై 26: అట్లాంటాలో 19 ఇన్నింగ్స్, 6 గంటల 39 నిమిషాలు, చివరికి అవుటైనవాణ్ణి అంపైర్ కాదన్నాడు, మర్నాడు తప్పేనని లీగ్ ఒప్పుకుంది. 2022 మే 15: ఒక్క హిట్ కూడా కొట్టకుండా 1-0తో గెలిచాం! గుడ్డిలో మెల్ల.

వీటన్నిటికీ రాజు 2021 మే 27. గురువారం మధ్యాహ్నం, చికాగో కబ్స్‌తో, మూడో ఇన్నింగ్స్, అప్పటికే ఇద్దరు అవుట్. రెండో బేస్ మీద ఒక రన్నర్. బ్యాటర్ హవియర్ బాయెజ్ మూడో బేస్ వైపు నేల బంతి కొట్టాడు. అక్కణ్ణించి బంతి మొదటి బేస్ దగ్గరున్న మన విల్ క్రెయిగ్‌కి వచ్చింది, కాస్త పక్కకి. బాయెజ్ ఇంకా దారిలోనే ఉన్నాడు. క్రెయిగ్ తాపీగా రెండడుగులు వెనక్కేసి బేస్ తొక్కితే చాలు, అతను మూడో అవుటు, ఇన్నింగ్స్ అయిపోయినట్టే. బాయెజ్ ఆగి, వెనక్కి తిరిగి, బయల్దేరిన చోటికే నడక మొదలుపెట్టాడు. క్రెయిగ్ అతని వెంటపడ్డాడు! పెరట్లో కోడిని పట్టడానికి గంప పట్టుకుని పోయినట్టు. ఈలోగా రెండో బేస్ రన్నర్ చుట్టూ తిరిగి ఇంటికి, అంటే పరుగు వచ్చే హోం ప్లేట్ దగ్గరికి, వచ్చేశాడు. కంగారులో క్రెయిగ్ బంతి క్యాచర్‌కి విసిరాడు, ఆలస్యమైంది. బాయెజ్ ఆ రన్నర్ బతికాడని తనే చేతులు చాచి అంపైర్‌లా చూపించి, మళ్ళీ తిరిగి మొదటి బేస్ వైపు పరుగు. అక్కడ కాపలా ఎవరూ లేరు. క్యాచర్ విసిరిన బంతి పక్కకి పోయింది, బాయెజ్ రెండో బేస్ దాకా పోయాడు. ఆట 5-3తో పోయింది.

ఇంట్లో ఎవరైనా చేసిందే చేస్తూ అసలు పని వదిలేస్తే మేమిప్పుడు "బేస్ తొక్కు" అంటాం. మావాడి పెళ్ళిలో తలంబ్రాల దగ్గర కూడా అన్నాం.

ఇండియాలో చుట్టాలకి ఈ జట్టు గురించి చెప్పాల్సొస్తే ఒక సంగతి పనికొస్తుంది. 2008లో మనదేశంలో బంతి వేగంగా విసిరే పోటీ పెట్టి ఎంపిక చేసిన ఉత్తరప్రదేశ్ కుర్రాళ్ళు రింకు సింగ్, దినేష్ పటేల్‌లతో ఒప్పందం రాసుకున్నది మన పైరేట్సే. ఇద్దరూ ఈటె విసిరేవాళ్ళు, అంతకు ముందు బేస్‌బాల్ ముఖం చూసినవాళ్ళు కారు. అమెరికా ప్రొఫెషనల్ బేస్‌బాల్లో ఆడిన మొదటి భారతీయులు వాళ్ళే. కింది లీగుల్లో ఆగిపోయారు, రింకు తర్వాత కుస్తీల్లోకి వెళ్ళాడు. "అయితే ఇండియన్సుంటే కూడా గెలవలేదా?" అని మా పిన్ని అడిగింది. సమాధానం మీరే వెతుక్కోండి.

గెలిచిన ఏడాది వస్తే

ఆగకండి. లెక్కలేయకండి. అప్పు చేసైనా వెళ్ళండి. 2013 అక్టోబర్ 1 రాత్రి మేము వెళ్ళాం. 94 గెలిచి, 21 ఏళ్ళ తర్వాత పోస్ట్‌సీజన్, అంటే 162 ఆటలయ్యాక మేటి జట్లు మాత్రమే ఆడే పోటీలు. సిన్సినాటితో ఒకే ఒక ఆట, ఓడినవాళ్ళు ఇంటికి. 40,487 మంది, ఇంచుమించు అందరూ నల్లబట్టల్లో. మావాడికి 17 ఏళ్ళు, పుట్టినప్పటినుంచీ గెలిచిన సీజన్ చూడలేదు. అవతలి పిచ్చర్ జానీ క్వేటో పేరు పట్టుకుని స్టేడియమంతా రాగం తీసింది: "క్వే...టో". పాటలో చిన్నపిల్లల్ని వెక్కిరించినట్టు. ఎవరో దాన్ని ఎత్తుకున్నారు, రెండు నిమిషాల్లో మా పక్కన భక్తిగా కూర్చున్న ముసలావిడ కూడా పాడింది, నేనూ పాడాను. క్వేటో చేతిలోంచి బంతి జారి నేల మీద పడింది. ఉత్తినే, నిలబడి ఉండగానే. తర్వాతి బంతిని రసెల్ మార్టిన్ ఎడమవైపు గోడ దాటించాడు.

అంత చప్పుడు నేను గోదావరి పుష్కరాల్లో కూడా వినలేదు. పై అంతస్తు కాళ్ళ కింద కదిలింది. మా ఆయన ఏడుస్తున్నాడు. 1992 అక్టోబర్ 14న ఈ ఊళ్ళోనే ఓక్లండ్ పేటలో అపార్ట్‌మెంట్‌లో నలుగురు రూమ్మేట్లతో టీవీ ముందు కూర్చుని, తొమ్మిదో ఇన్నింగ్స్‌లో 2-0 ఆధిక్యం కరిగి, మనల్ని వదిలి అట్లాంటా వెళ్ళిన సిడ్ బ్రీమ్ కుంటికాళ్ళతో పరిగెత్తి హోం ప్లేట్ మీద జారి మనల్ని ఓడించడం చూసినవాడు కదా. ఆ రాత్రి వండిన అన్నం గిన్నె మర్నాడు సాయంత్రం దాకా ఎవరూ తెరవలేదట. 21 ఏళ్ళ తర్వాత పులిహోర డబ్బా ఖాళీ చేశాడు, నాకు మిగల్చకుండా.

ఆ ఆట 6-2తో గెలిచాం. తర్వాతి సిరీస్‌లో సెయింట్ లూయిస్ చేతిలో పోయాం. 2014లో, 2015లో కూడా ఒక్క ఆటతోనే ఇంటికొచ్చాం. 2015లో అయితే 98 గెలిచి కూడా. అదీ సరదా.

అక్టోబర్‌లో ఒక పని

సీజన్ అయిపోయి, మిగతా ఊళ్ళు పోస్ట్‌సీజన్ చూసుకుంటుంటే మనకి వెలితిగా ఉంటుంది. అక్టోబర్ 13 మధ్యాహ్నం ఓక్లండ్ రండి, పిట్ యూనివర్సిటీ పక్కన. పాత ఫోర్బ్స్ ఫీల్డ్ స్టేడియం కూల్చేసినా, ఇటుక గోడ ముక్కొకటి మిగిల్చారు. 1960లో అదే రోజు, ఛాంపియన్ ఎవరో తేల్చే వరల్డ్ సిరీస్ ఏడో ఆటలో, తొమ్మిదో ఇన్నింగ్స్‌లో, బిల్ మజరోస్కీ కొట్టిన బంతి అక్కడి గోడ దాటింది. యాంకీస్ మీద 10-9. ఏటా ఆ గోడ దగ్గర కొంతమంది మడతకుర్చీలేసుకుని ఆనాటి రేడియో వ్యాఖ్యానం మొదటినుంచీ పెట్టుకుని వింటారు. ఆ హోమ్ రన్ సరిగ్గా 3:36కి వచ్చేలా మొదలుపెడతారు. మధ్యలో యాంకీస్ ముందంజ వేస్తే జనం నిజంగానే నిట్టూరుస్తారు, ముసలివాళ్ళు తల పట్టుకుంటారు. గెలుస్తామని ముందే తెలిసి మనం వినే ఆట ఏడాదికి అదొక్కటే.

కాస్త ముందే రండి, ఆ వీధుల్లో పార్కింగ్ దొరకదు. కుర్చీ మీరు తెచ్చుకోండి. పులిహోర నేను తెస్తాను.